1/35 స్కేలులో ఎంఐ-24 హెలికాప్టర్ నమూనా కట్టడం ఎలా?

నన్ను పదేపదే అడిగే ప్రశ్నలు రెండు. "బ్లేడ్లు స్కేలు కర్రల్లా బిగుసుకుని ఉన్నాయి, అసలు హెలికాప్టర్‌లా కిందికి వేలాడాలంటే ఏం చేయాలి?" అన్నది ఒకటి. "కాక్‌పిట్ అద్దం మీద తెల్లటి మసక వచ్చింది, పోతుందా?" అన్నది రెండోది. రెండింటికీ జవాబు కింద ఉంది. అయితే పెద్ద స్కేలు హెలికాప్టర్లు ఎక్కువగా పాడయ్యేది ఈ రెండింటి వల్ల కాదు. ఏ తలుపులు తెరిచి ఉంచాలో తేల్చుకోకముందే జిగురు సీసా మూత తీయడం వల్ల. విమానం నమూనాలో అందం చాలావరకు పైచర్మం మీదే ఉంటుంది. హెలికాప్టర్‌లో సగం అందం అద్దాల వెనకే ఉంటుంది, ఆ అద్దాలు ఒకసారి అతికాక మీ చెయ్యి లోపలికి పోదు.

ఉదాహరణకు సోవియట్ యుద్ధ హెలికాప్టర్ ఎంఐ-24లో వి రకాన్ని తీసుకుంటున్నాను. ట్రంపెటర్ కంపెనీ 1/35లో దీని కిట్ చేసింది. అది దొరక్కపోయినా, అంత చోటు లేకపోయినా జ్వెజ్దా వారి 1/48 కిట్ ఉంది. ఇవే మెట్లు దానికీ సరిపోతాయి. అసలు హెలికాప్టర్ పైరోటర్ (పైన బ్లేడ్లతో తిరిగే చక్రం) వ్యాసం 17.3 మీటర్లు. 35తో భాగిస్తే 49 సెంటీమీటర్లు, 48తో అయితే 36. కిట్ కొనేముందు అలమారలో ఆ కొలత పట్టే అర ఉందో లేదో టేపు పెట్టి చూడండి. చాలామంది ఈ పని కట్టడం పూర్తయ్యాక చేస్తారు.

కావలసినవి

కత్తిరించడానికి: స్ప్రూ చట్రం నుంచి భాగాలు తీసే చదునైన కటింగ్ ప్లయర్, కొత్త బ్లేడు వేసిన చిన్న కత్తి, సన్నని మొన ఉన్న ట్వీజర్.

అతకడానికి: పల్చని ప్లాస్టిక్ సిమెంటు, లోహపు ముక్కలకు ఫెవిక్విక్ లాంటి సూపర్ గ్లూ, అద్దాలకు ఫెవికాల్, బరువు నిలపడానికి రెండు గొట్టాల ఎపాక్సీ.

నునుపుకి: హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే వాటర్ పేపర్ 400, 600, 1000, 2000 నంబర్లలో. మోడలింగ్ లప్పం.

రంగుకి: ఎయిర్‌బ్రష్, కంప్రెసర్, గ్రే ప్రైమర్, యాక్రిలిక్ రంగులు, గ్లాస్ వార్నిష్ (మెరుపునిచ్చేది), మ్యాట్ వార్నిష్ (మెరుపు లేనిది), మాస్కింగ్ టేపు.

ఇంకా: చేపల గాలానికి కట్టే సీసపు గుండ్లు, పాడైన ఇయర్‌ఫోన్ తీగలోని సన్నని రాగి పోగులు, కొన్ని అట్టముక్కలు.

ఎయిర్‌బ్రష్ లేనివారు స్ప్రే డబ్బాలతో నెట్టుకురావచ్చు. అయితే రంగుల మధ్య అంచు మెత్తగా కలిసే మభ్యపు రంగులు (శత్రువు కంటబడకుండా వేసే కామఫ్లాజ్) వాటితో కష్టం. కాబట్టి ఒకే రంగు ఉన్న యంత్రాన్ని ఎంచుకోండి. ఐక్యరాజ్యసమితి తరఫున కాంగోలో పనిచేసిన భారత వాయుసేన హెలికాప్టర్ల తెల్లరంగు అందుకు బాగుంటుంది.

గాలికి పోయే ద్రావకాలను మామూలు ముసుగు ఆపదు, ఎన్95 కూడా ఆపదు. ద్రావకపు ఆవిరికి పనికొచ్చే కార్ట్రిడ్జ్ ఉన్న ముసుగే వేసుకోండి, కిటికీ తెరిచి ఉంచండి.

1. ఏ యంత్రమో ముందు తేల్చుకోండి

"ఎంఐ-24 కడుతున్నాను" అంటే చాలదు. డి రకానికి రెక్కల చివర క్షిపణులు పట్టాల మీద ఉంటాయి. వి రకానికి ష్తుర్మ్ క్షిపణులు గొట్టాలలో ఉంటాయి. రెండింటికీ ముక్కు కింద తిరిగే నాలుగు గొట్టాల 12.7 మి.మీ. తుపాకీ ఉంటుంది. పి రకంలో అది పోయి, కుడి పక్కన జంట గొట్టాల 30 మి.మీ. ఫిరంగి కదలకుండా బిగించి ఉంటుంది. భారత వాయుసేన గుర్తులతో కట్టాలనుకునేవారికి ఇది మరీ ముఖ్యం. 1984లో మనకు వచ్చిన ఎంఐ-25 అంటే డి రకపు ఎగుమతి రూపం, ఆ తరవాత వచ్చిన ఎంఐ-35 వి రకపు ఎగుమతి రూపం. 1987లో భారత శాంతిసేనతో శ్రీలంకకు వెళ్లినవి ఎంఐ-25లు. వి కిట్ కట్టి దాన్ని 1987 నాటి జాఫ్నా హెలికాప్టర్ అంటే తెలిసినవాడు ముందు రెక్కల చివరే చూస్తాడు.

అఫ్గానిస్థాన్ యుద్ధకాలపు సోవియట్ యంత్రమైతే కాలం కూడా చూడాలి. మొదట్లో ఇంజను పొగగొట్టాలు తెరిచి ఉండేవి. భుజం మీంచి పేల్చే క్షిపణుల బెడద పెరిగాక వేడిని తగ్గించే పెద్ద పెట్టెలు వాటికి తగిలించారు. ఇంజను నోటికి దుమ్ము ఆపే గుండ్రటి మూతలు, క్షిపణిని దారి తప్పించే మంటగుళ్లు వదిలే పెట్టెలు, వీపు మీద వేడిని వెతికే క్షిపణులను తికమకపెట్టే లిపా అనే పరికరం కూడా చేరాయి. ఇవన్నీ కిట్‌లో ఉన్నాయి కదా అని అన్నీ అతికించకండి. ఒకే యంత్రం ఫోటోలు నాలుగు వైపులవి సేకరించి, వాటిలో కనబడినవే పెట్టండి.

2. తలుపుల జాబితా రాయండి

కాగితం మీద నాలుగు వరుసలు: ముందు గన్నర్ అద్దం, వెనక పైలట్ తలుపు, సైనికుల గది తలుపులు, ఇంజను మూతలు. ఒక్కోదాని ఎదుట "తెరిచి" లేదా "మూసి" అని రాయండి. పైలట్ తలుపు కుడివైపు ఉంటుంది. సైనికుల గది తలుపు అడ్డంగా రెండుగా చీలి, సగం పైకి, మెట్లున్న సగం కిందికి తెరుచుకుంటుంది. ఇంజను మూతలు కిందికి వాలి మెకానిక్ నిలబడే అరుగులవుతాయి.

నా సలహా: మొదటి పెద్ద హెలికాప్టర్ అయితే పైలట్ తలుపు, ఒకవైపు సైనికుల గది తలుపు మాత్రమే తెరవండి. ఇంజను మూతలు తెరిస్తే లోపలి గొట్టాలు, తీగలు మీరే అల్లాలి. ఆ పనికి పట్టే వారాలు మిగతా నమూనా అంతటికీ పట్టే వారాలతో సమానం. అన్నీ తెరిస్తే అందంగా ఉంటుందన్నది కూడా భ్రమే. అన్ని తలుపులూ ఒకేసారి తెరుచుకున్న హెలికాప్టర్ యుద్ధయంత్రంలా కాక మరమ్మతు షెడ్డులా కనబడుతుంది.

మూసి ఉంచే తలుపు వెనక భాగాలకు రంగు వేయడం మానేయండి. ఎవరికీ కనబడదు.

3. లోపలి భాగం

కాక్‌పిట్లు రెండూ, సైనికుల గది విడిగా కట్టి, విడిగా రంగు వేసి, అప్పుడే దేహంలో పెట్టండి. సోవియట్ కాక్‌పిట్ అంటే నీలిపచ్చ అని అందరూ కళ్లు మూసుకుని వేస్తారు. చాలావాటికి అది నిజమే, బూడిదరంగు లోపలి భాగాలున్నవీ ఉన్నాయి. మీ యంత్రం ఫోటోనే ప్రమాణం.

వరుస ఇది: నల్ల ప్రైమర్, పై నుంచి మాత్రమే పడేట్టు అసలు రంగు, ఆరాక నూనెరంగు వాష్ (బాగా పల్చన చేసి సందుల్లోకి పారించే రంగు), చివర్లో అంచుల మీద రంగు దాదాపు తుడిచేసిన పొడి కుంచె. పైనుంచి చల్లితే సీట్ల కింద, మూలల్లో నలుపు నీడలా మిగిలిపోతుంది. గడియారాల పలకకు డెకాల్ (నీళ్లలో తడిపి అతికించే బొమ్మ) వేశాక ఒక్కో గడియారం మీద ఒక చుక్క గ్లాస్ వార్నిష్ పెడితే అద్దం వచ్చినట్టుంటుంది. సీటు బెల్టులకు లోహపు ముక్కలు వంచేముందు వాటిని క్షణం సేపు మంట మీద చూపితే మెత్తబడి, సీటు మడతకు ఒదుగుతాయి. ఆ ముక్కలు కత్తిరించేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఆపండి. ఎగిరిపోయిన చిన్న లివరు నేల మీద ఇంక దొరకదు.

పరీక్ష: దేహం రెండు సగాలూ టేపుతో కట్టి, అద్దం భాగం పైన ఊరికే ఉంచి, టార్చి వేసి కిటికీల్లోంచి చూడండి. ప్లాస్టిక్ అసలు రంగు ఎక్కడైనా కనబడితే ఇప్పుడే సరిచేయండి.

4. బరువు

ఎంఐ-24కి చక్రాలున్న కాళ్లు మూడు (ముందు ఒకటి, వెనక రెండు), వెనక పొడవైన తోక. ముక్కులో బరువు లేకపోతే నమూనా తోక మీద కూర్చుంటుంది. ఎంత వేయాలన్నది కిట్ కాగితం చెప్పినా నమ్మకండి, మీరు అదనంగా పెట్టిన లోహపు భాగాల సంగతి దానికి తెలియదు. దేహం, తోక, రోటర్ తల, రెక్కలు అన్నీ టేపుతో కట్టండి. వెనక చక్రాలు వచ్చే చోట పెన్సిలు అడ్డంగా పెట్టి దాని మీద నిలపండి. ముక్కు కిందికి వాలేదాకా లోపల సీసపు గుండ్లు వేస్తూ పోండి. వాలాక ఇంకో రెండు వేయండి.

ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక: సీసాన్ని ఫెవికాల్‌తో అతికించకండి. తెల్ల జిగురు సీసంతో మెల్లగా రసాయనచర్య జరిపి ఉబ్బుతుంది. నెలల తరవాత ముక్కు అతుకు దానంతటదే విచ్చుకుంటుంది. ఎపాక్సీయే వాడండి. సీసం ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, పిల్లలకు అందనివ్వకండి. ఇనుప బేరింగు గుండ్లు కూడా పనికొస్తాయి, కాస్త ఎక్కువ చోటు పడుతుంది.

బరువు పెరిగే కొద్దీ ప్లాస్టిక్ కాళ్లు వంగుతాయి. 1/35లో విడిగా అమ్మే లోహపు కాళ్లు దొరికితే ఆ ఖర్చు వృథా కాదు.

5. దేహం మూయడం

పదిహేను సెంటీమీటర్ల చొప్పున అతికించండి. ముందు ముక్కు, అది గట్టిపడ్డాక వీపు, ఆపైన తోక. ఒకేసారి మొత్తం బిగిస్తే ఒక చివర సరిపోయి రెండో చివర మెట్టు పడుతుంది. ఒక రోజు ఆరనివ్వండి. లప్పం అవసరమైనచోటే, అవసరమైనంతే. గీకేటప్పుడు చుట్టుపక్కల రివెట్లు అరిగిపోకుండా అతుక్కి రెండు పక్కలా టేపు వేయండి.

తోక నిలువు రెక్క ఒక పక్క ఎక్కువ ఉబ్బుగా కనబడితే అది అచ్చు దోషం అనుకుని గీకేయకండి. అసలు యంత్రంలోనే అది రెండు పక్కలా సమానంగా ఉండదు.

పరీక్ష: అతుకు మీద మాత్రం పల్చగా గ్రే ప్రైమర్ చల్లి, దీపాన్ని ఏటవాలుగా పెట్టి చూడండి. గీత నీడలా కనబడితే ఇంకా గీకాలి. ప్లాస్టిక్ మీద కంటికి కనబడని అతుకు ప్రైమర్ కింద తప్పక బయటపడుతుంది.

రివెట్ల సంగతి అర్థం కావాలంటే ఫోటోల కన్నా కళ్లతో చూడటం మేలు. విశాఖ బీచ్‌లో ఉన్న టీయూ-142 విమానం దగ్గరికి వెళ్లి సోవియట్ చర్మం ఎలా ఉంటుందో చూడండి. పలకల మధ్య గీతలు మన నమూనాల్లో ఉన్నంత లోతుగా, నల్లగా ఎక్కడా కనబడవు.

6. వంకరగా ఉందని భయపడకండి

ఎక్కువమంది బెంబేలెత్తేది ఇక్కడే. ఎంఐ-24 పైరోటర్ దేహంతో పోలిస్తే 2.5 డిగ్రీలు కుడికి వాలి ఉంటుంది. నేల మీద నిలబడ్డప్పుడు రోటర్ నేలకు సమానంగా ఉండేలా కాళ్లు అమర్చారు. అందువల్ల దేహమే కాస్త ఎడమకు ఒరిగినట్టు కనబడుతుంది. ఎదురుగా నిలబడి చూసి "కాళ్లు ఎగుడుదిగుడుగా అతికించాను" అని అనుకుని ఒకదాన్ని అరగదీస్తే అసలు రూపమే పోతుంది. కిట్ ఈ వాలును ఎంతవరకు పాటించిందో కాళ్లకు జిగురు పెట్టకముందే పొడిగా నిలిపి, అసలు యంత్రాన్ని ఎదురుగా తీసిన ఫోటోతో పోల్చుకోండి.

ఇందుకే పొట్టి రెక్కల కోణం సరిచూడటానికి బల్ల నుంచి రెక్క చివరి ఎత్తు కొలవకండి, ఎడమా కుడీ ఒకేలా రావు. రెక్కలు రెండూ కిందికి 12 డిగ్రీలు వాలి ఉండాలి. దేహం పక్కకీ రెక్క అడుగుకీ మధ్య ఇమిడే అట్టముక్క ఒకటి కత్తిరించి, అదే ముక్కను తిప్పి రెండో పక్క పెట్టి చూడండి. రెండు చోట్లా ఖాళీ లేకుండా ఒదిగితే సరే.

7. అద్దాలు

మసక సమస్య వచ్చేది సూపర్ గ్లూ వల్ల. అది ఆరుతూ వదిలే ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. అద్దానికే కాదు, అద్దం మూసిన తరవాత లోపల ఎక్కడా సూపర్ గ్లూ వాడకూడదు. అద్దాలకు ఫెవికాల్ చాలు. పుల్ల మొనతో సన్నగా రాసి, పెట్టి, పక్కకు పొంగినది తడి కుంచెతో తుడిచేయండి.

అతికించేముందు అద్దం భాగాలను గ్లాస్ వార్నిష్‌లో ముంచి తీసి, అడుగున చుక్క కాగితంతో పీల్చి, దుమ్ము పడకుండా గిన్నె బోర్లించి ఒక రోజు ఉంచండి. మెరుపు పెరుగుతుంది, కొంతవరకు ఆవిరి నుంచి కాపు కూడా. తరవాత అద్దపు భాగాలకు టేపుతో మాస్కు వేసి, చట్రాల మీద ముందు కాక్‌పిట్ రంగు, దాని మీద బయటి రంగు వేయండి. లోపలి నుంచి చూస్తే చట్రం కాక్‌పిట్ రంగులోనే కనబడుతుంది.

మసక ఇప్పటికే వచ్చేసిందా? బయటి వైపైతే 2000 నంబరు వాటర్ పేపర్‌తో నీళ్లలో మెల్లగా రుద్ది, పాలిష్ పెట్టి, మళ్లీ వార్నిష్ పూయండి. లోపలి వైపైతే అద్దం ఊడదీయక తప్పదు. ఫెవికాల్‌తో అతికించి ఉంటే గోరువెచ్చని నీటి తడితో మెత్తబడి ఊడుతుంది.

8. బయటి రంగు

గాలి ఒత్తిడి 15 నుంచి 20 పి.ఎస్.ఐ., రంగు పాలంత పల్చన. కింది లేతరంగు ముందు, పైరంగులు తరవాత. వానాకాలంలో, సముద్రతీరపు ఊళ్లలో లాకర్ రంగులు, వార్నిష్‌లు ఆరేటప్పుడు గాలిలోని తేమ పట్టి పాలిపోయినట్టు తెల్లబడతాయి. అలాంటి రోజు రంగు జోలికి పోకుండా రోటర్ తల పని పెట్టుకోండి. మ్యాట్ వార్నిష్‌తో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, అది చివరి పొర కాబట్టి చేసిందంతా పోతుంది. ముందు పాత ప్లాస్టిక్ ముక్క మీద చల్లి పది నిమిషాలు చూశాకే నమూనా మీద చల్లండి.

9. డెకాల్స్

మ్యాట్ రంగు మీద నేరుగా అతికిస్తే కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. గ్లాస్ వార్నిష్ వేసి, ఆరాక అతికించండి. భారత వాయుసేన చక్రంలో కాషాయం బయట, తెలుపు మధ్యలో, ఆకుపచ్చ లోపల. ఎక్కడైనా మెరుపు మిగిలితే సూదితో పొడిచి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రావకం ఒక చుక్క వేయండి.

10. బ్లేడ్లు

అయిదు బ్లేడ్లు, 72 డిగ్రీల ఎడంగా. ముందు దిక్కు చూసుకోండి. పైనుంచి చూస్తే ఈ రోటర్ గడియారం ముల్లు దిక్కున తిరుగుతుంది. ముక్కు వైపు ఉన్న బ్లేడుకు గుండ్రని మందపు అంచు కుడివైపు ఉండాలి, పల్చని అంచు ఎడమవైపు. హ్యూయీ, అపాచీ లాంటి అమెరికా హెలికాప్టర్లు కట్టి వచ్చినవారు ఇక్కడ అలవాటు కొద్దీ తిప్పేస్తారు, వాటిది ఎదురు దిక్కు.

ఇక వంపు. ఆగి ఉన్న యంత్రాన్ని పక్కనుంచి తీసిన ఫోటోను, రోటర్ 49 సెంటీమీటర్లు వచ్చేలా ముద్రించండి. పక్కకు సాగిన బ్లేడు వంపును అట్ట మీద గీసి కత్తిరించండి. అదే మీ అచ్చు. బాగా వేడిగా ఉన్న, కాని మరగని నీటిలో బ్లేడును కొన్ని క్షణాలు ఉంచి, రెండు చేతులతో పట్టి మెల్లగా వంచి, అచ్చుకు ఆనించి, చన్నీళ్లలో ముంచండి. చాలకపోతే మళ్లీ. ఒకేసారి మొత్తం వంచాలని చూడకండి. మరిగే నీటిలో బ్లేడు అలలు అలలుగా మెలితిరుగుతుంది, అది మళ్లీ సాపు కాదు. కొవ్వొత్తి సెగ అసలే వద్దు. హెయిర్ డ్రయర్ పనిచేస్తుంది గానీ వేడి ఎక్కడ పడుతోందో చేతికి తెలియదు.

వంపు మొదలు దగ్గర ఒక్కసారిగా విరిగినట్టు కాక, చివరికి వెళ్లే కొద్దీ పెరగాలి. కొన్ని కిట్లలో బ్లేడ్లు కొంత వంపుతోనే వస్తాయి, ముందు వాటిని అచ్చుకు పెట్టి చూడండి. రంగు వేశాక వంచితే రంగు పగులుతుంది, కాబట్టి ఈ పని ప్రైమర్‌కు ముందే.

రోటర్ తల మీద గొట్టాలకు ఇయర్‌ఫోన్ రాగి పోగులు సరిపోతాయి. ఒక్కో బ్లేడుకూ ఒకే పొడవు, ఒకే వంపు ఉండేలా సూది చుట్టూ తిప్పి కత్తిరించుకోండి.

పరీక్ష: రోటర్ తలను అది కూర్చునే స్తంభం మీద పెట్టి మెల్లగా తిప్పుతూ, బల్ల మీద నిలిపిన స్కేలు దగ్గర ఒక్కో బ్లేడు చివరి ఎత్తు చూడండి. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా ఉన్నదాన్ని మళ్లీ వేడినీళ్లకు పంపండి.

తోక రోటర్‌కు మూడు బ్లేడ్లు, అది ఎడమ పక్కన ఉండాలి.

11. మురికి, అరుగుదల

తక్కువ చేయండి. తలుపుల గడప దగ్గర బూటు దుమ్ము, బ్లేడ్ల ముందంచున అరిగిన రంగు, పొగగొట్టాల వెనక మసి. వేడి తగ్గించే పెట్టెలు తగిలించిన యంత్రానికి పాత పొగగొట్టాల చోట దట్టమైన మసి వేస్తే అర్థం లేదు. చక్రాల అడుగు కొద్దిగా గీకి చదును చేస్తే నమూనా బరువుగా నేల మీద కూర్చున్నట్టుంటుంది.

12. రోటర్ అతికించకండి

స్తంభం చివర చిన్న నియోడిమియం అయస్కాంతం, తలలో ఇంకొకటి. అతికించేముందు రెండూ ఆకర్షించుకునే వైపులేనా అని చూసి, స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఇల్లు మారినా, ప్రదర్శనకు తీసుకెళ్లినా రోటర్ విడిగా పెట్టెలో పోతుంది. ప్రయాణంలో బ్లేడ్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా తలతో సహా చదునైన థర్మకోల్ పలక మీద పరిచి, మధ్యలో మాత్రమే టేపు వేయండి. ఎండలో ఆపిన కారులో మాత్రం వదిలేయకండి, మనం వేడినీళ్లతో తెచ్చిన వంపును మే నెల ఎండ తనకు నచ్చినట్టు మార్చేస్తుంది.